రైస్ మిల్లులో డేటా కార్డుకి డిఫరెన్షియల్ వైరింగ్: మల్టీమీటర్ పట్టుకున్న దగ్గర్నుంచి రీడింగ్ నమ్మే దాకా

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మిల్లుల్లో ఎలక్ట్రికల్ పని చేసే మనవాళ్ళు ఇప్పుడు మోటార్లు, స్టార్టర్లతో పాటు సెన్సార్ల వోల్టేజ్‌ని కొలిచి కంప్యూటర్‌కి పంపే డేటా కార్డులు కూడా బిగిస్తున్నారు. డ్రయ్యర్‌లో వేడి ఎంత, ఊక బాయిలర్‌లో ప్రెషర్ ఎంత, హాపర్‌లో ధాన్యం ఎంత ఉందో స్క్రీన్ మీద కనపడాలని మిల్లు యజమాని అడుగుతాడు. కార్డు తెచ్చి, వైర్లు బిగించి, ఆన్ చేస్తే రీడింగ్ ఊగుతూ ఉంటుంది. ఎలివేటర్ మోటారు వేయగానే డ్రయ్యర్ వేడి ఒక్కసారిగా ఎగురుతుంది, మోటారు ఆపగానే దిగుతుంది. కార్డు పాడైందని వెనక్కి పంపేస్తారు. కొత్త కార్డు వచ్చాక కూడా అదే గోల.

ఎక్కువసార్లు కార్డు బాగానే ఉంటుంది. డిఫరెన్షియల్, అంటే రెండు వైర్ల మధ్య తేడాని కొలిచే పద్ధతి, అన్నాక రెండు వైర్లు చాలు, గ్రౌండ్‌తో పనే లేదు అనుకోవడం దగ్గరే పని చెడుతుంది. సిగ్నల్ రెండు వైర్ల మీదే వస్తుంది, నిజమే. కానీ ఆ రెండు వైర్లకీ కార్డు గ్రౌండ్‌కీ ఏదో ఒక దారి ఉండి తీరాలి. ఆ మూడో దారి ఎక్కడ ఉంది, అసలు ఉందా, రెండు చోట్ల ఉందా అన్నది తేల్చుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి.

ఈ వ్యాసంలో ఒక మామూలు ఉప్పుడు బియ్యం మిల్లుని ఉదాహరణగా తీసుకుంటున్నాను. డ్రయ్యర్‌లో వేడి కొలిచే కె టైప్ థర్మోకపుల్, బాయిలర్ మీద ప్రెషర్‌ని 4–20 మిల్లీఆంపుల కరెంటుగా పంపే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, హాపర్ కింద బరువు కొలిచే లోడ్ సెల్. ఈ మూడిటికీ మూడు రకాల వైరింగ్ కావాలి.

కార్డు లోపల జరిగేది

సింగిల్ ఎండెడ్‌లో కార్డు ఒక వైరుని తన గ్రౌండ్‌తో పోల్చి కొలుస్తుంది. డిఫరెన్షియల్‌లో ప్లస్ టెర్మినల్‌కీ మైనస్ టెర్మినల్‌కీ మధ్య తేడాని కొలుస్తుంది. రెండు వైర్ల మీదా సమానంగా ఎక్కిన వోల్టేజ్‌ని కామన్ మోడ్ అంటారు. వంశధారలో నీరు పెరిగితే పక్కపక్కన ఉన్న రెండు పడవలూ కలిసే లేస్తాయి, వాటి మధ్య ఎత్తు తేడా మారదు. కార్డుకి కావలసింది ఆ తేడా మాత్రమే.

కానీ ఏ కార్డూ కామన్ మోడ్‌ని పూర్తిగా తీసేయలేదు. ఎంతవరకు తీసేయగలదో డేటాషీట్‌లో సీఎంఆర్ఆర్ అని డెసిబెల్స్‌లో ఇస్తారు. 80 డెసిబెల్స్ అంటే పదివేలలో ఒక వంతు లోపలికి వస్తుందని అర్థం. మోటారు ప్యానెల్ ఎర్త్‌కీ డ్రయ్యర్ ఎర్త్‌కీ మధ్య 1 వోల్టు తేడా ఉంటే, అందులో 100 మైక్రోవోల్టులు రీడింగ్‌లో కలుస్తాయి. కె టైప్ థర్మోకపుల్ డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే ఇస్తుంది. అంటే 2 డిగ్రీలకు పైగా తప్పు. 100 డెసిబెల్స్ కార్డు అయితే అదే తప్పు పావు డిగ్రీకి దిగుతుంది. పైగా ఈ అంకె ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పడిపోతుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టిన మోటారు నుంచి వచ్చే నాయిస్‌కి డిఫరెన్షియల్ ఒక్కటే మందు కాకపోవడానికి కారణం అదే.

ఇంకో హద్దు కూడా ఉంది. ప్లస్, మైనస్ టెర్మినళ్ళలో ప్రతిదీ కార్డు గ్రౌండ్‌తో పోలిస్తే ఒక పరిధిలోనే ఉండాలి. ±10 వోల్టుల రేంజ్ ఉన్న కార్డుల్లో ఇది సాధారణంగా 10 లేదా 11 వోల్టుల దగ్గర ఆగుతుంది. తేడా 5 మిల్లీవోల్టులే కదా అని రెండూ 24 వోల్టుల దగ్గర ఉన్న పాయింట్లకి కలిపితే రీడింగ్ తప్పు వస్తుంది, కార్డు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. 230 వోల్టుల మెయిన్స్‌ని ఈ టెర్మినళ్ళకి ఎప్పుడూ, ఏ రెసిస్టర్ల ద్వారా అయినా నేరుగా తేవద్దు.

ఇప్పుడు ఆ మూడో దారి సంగతి. కార్డు ఇన్‌పుట్ లోపలికి అతి కొద్ది కరెంటు, పికోఆంపుల్లో, ఎప్పుడూ పారుతూ ఉంటుంది. అది తిరిగి కార్డు గ్రౌండ్‌కి చేరే దారి లేకపోతే ఇన్‌పుట్ దగ్గరి కెపాసిటెన్స్ ఛార్జ్ అవుతూ పోతుంది. ఒక మంచి కార్డులో ఆ కరెంటు 100 పికోఆంపులు, కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు అనుకుంటే వోల్టేజ్ సెకనుకి 1 వోల్టు చొప్పున పాకుతుంది. పది సెకన్లలో హద్దు దాటేస్తుంది. ఆన్ చేయగానే సరిగ్గా చూపించి, కాసేపటికి పిచ్చి రీడింగ్ ఇచ్చే కార్డు కనపడితే ముందు ఈ దారి కోసమే వెతకండి.

ముందు మల్టీమీటర్‌తో చేయాల్సిన పని

వైరు కొయ్యకముందే సెన్సార్ ఎర్త్ అయి ఉందా, ఎర్త్‌కి ఎక్కడా తగలకుండా తేలి ఉందా అన్నది తేల్చాలి. థర్మోకపుల్ కొనకి జాయింటు వేసి లోహపు తొడుగుకే వెల్డ్ చేసిన రకం ఉంటుంది. తొడుగు తగలకుండా లోపలే విడిగా ఉంచిన రకం కూడా ఉంటుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ఒక వైరుకీ తొడుగుకీ మధ్య చూడండి. దాదాపు సున్నా వస్తే ఎర్త్ అయిన రకం, ఓపెన్ చూపిస్తే తేలి ఉన్న రకం. డబ్బా మీద రాసింది నమ్మకుండా ప్రతి దాన్నీ కొలిచి, ఫలితాన్ని పెన్నుతో కేబులు మీదే రాసి పెట్టుకోండి.

తర్వాత ఎర్త్‌ల మధ్య తేడా చూడండి. మిల్లు నడుస్తూ ఉండగా, అన్ని మోటార్లూ లోడ్ మీద ఉండగా, సెన్సార్ బిగించిన బాడీకీ కార్డు పెట్టబోయే ప్యానెల్ ఎర్త్‌కీ మధ్య ముందు ఏసీ, తర్వాత డీసీ వోల్టులు కొలవండి. మిల్లు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. 1 వోల్టు లోపు ఉంటే ముందుకి పోవచ్చు. నాలుగైదు వోల్టులు ఉంటే ఎర్తింగ్‌లోనో న్యూట్రల్‌లోనో లోపం ఉంది, ముందు అది సరిచేయండి. అంతకంటే ఎక్కువ కనిపిస్తే మామూలు కార్డు కలపవద్దు. ఇన్‌పుట్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఐసొలేషన్ (వైరు కలయిక లేకుండా విడదీయడం) ఉన్న మాడ్యూల్ తీసుకోండి. అది ఖరీదే, కానీ అలాంటి చోట ఇంకో దారి లేదు.

మన వైపు కొండవార రాతి నేల ఉన్న చోట్ల వేసవిలో ఎర్త్ పిట్టులో తేమ పోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆగస్టులో బాగున్న ఎర్త్ ఏప్రిల్‌లో అలాగే ఉంటుందని అనుకోకూడదు.

లాప్‌టాప్ సంగతి కూడా చూడండి. యూఎస్‌బీ కార్డు గ్రౌండ్ అంటే మామూలుగా లాప్‌టాప్ గ్రౌండే. రెండు పిన్నుల ఛార్జర్ పెడితే లాప్‌టాప్ తేలిపోయి, అడాప్టర్ నుంచి లీక్ అయ్యే కరెంటు వల్ల బాడీ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. మూడు పిన్నులది పెడితే ఇంకో ఎర్త్ దారి ఏర్పడుతుంది. నాయిస్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. రీడింగ్ శాంతిస్తే తగాదా సెన్సార్‌ది కాదు, గ్రౌండ్ దారిది.

కేబులు

ప్రతి సిగ్నల్‌కి విడిగా మెలి తిప్పిన జత, పైన షీల్డ్ ఉన్న కేబులు వాడండి. మెలికల వల్ల బయటి నాయిస్ రెండు వైర్ల మీదా సమానంగా పడుతుంది. సమానంగా పడితేనే కార్డు తీసేయగలదు. ప్లస్ ఒక కేబులులో, మైనస్ ఇంకో కేబులులో తెస్తే డిఫరెన్షియల్ వల్ల లాభం సగం పోయినట్టే. టెర్మినల్ దగ్గర కూడా మెలిక ఎక్కువ విప్పవద్దు.

షీల్డ్‌ని ఒక వైపే ఎర్త్ చేయండి. సెన్సార్ ఎర్త్ అయి ఉంటే సెన్సార్ వైపు, తేలి ఉంటే కార్డు వైపు. రెండో చివర షీల్డ్‌కి ఆనుకుని వచ్చే డ్రెయిన్ వైరుని కత్తిరించి టేపు చుట్టండి. రెండు వైపులా కలిపితే రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న వోల్టేజ్ షీల్డ్ గుండా కరెంటు పారిస్తుంది. మోటారు కేబుళ్ళున్న ట్రేలో ఈ కేబులు వేయవద్దు. కనీసం ఒక అడుగు దూరం ఉంచి, దాటక తప్పని చోట అడ్డంగా, లంబ కోణంలో దాటించండి.

డ్రయ్యర్ థర్మోకపుల్

ముందు రంగులు. అమెరికా పద్ధతి కె టైప్ వైరులో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. మనకి ఎరుపు అంటే ప్లస్ అని చేతికి అలవాటు కాబట్టి అమెరికా పద్ధతి కేబుల్ వచ్చినప్పుడు తారుమారు అవుతుంది. అనుమానం ఉంటే థర్మోకపుల్ కొనను లైటర్‌తో వేడి చేయండి. రీడింగ్ పెరగాలి. తగ్గితే వైర్లు మార్చండి. సెన్సార్ నుంచి కార్డు దాకా అదే టైప్ ఎక్స్‌టెన్షన్ కేబులే వేయాలి, మధ్యలో మామూలు రాగి వైరు అతుకు పెట్టకూడదు.

తొడుగు తగలని, తేలి ఉన్న రకం అయితే ప్లస్ వైరుని ప్లస్ టెర్మినల్‌కి, మైనస్ వైరుని మైనస్ టెర్మినల్‌కి బిగించి, మైనస్ టెర్మినల్ నుంచి కార్డు గ్రౌండ్‌కి చిన్న వైరు వేయండి. థర్మోకపుల్ రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి ఇక్కడ నేరుగా వైరు వేసినా ఇబ్బంది లేదు. పాకే జబ్బు ఇంతటితో పోతుంది.

తొడుగుకి వెల్డ్ అయిన రకం అయితే ఆ చిన్న వైరు వేయకూడదు. డ్రయ్యర్ బాడీ గుండా ఒక ఎర్త్, కార్డు గుండా ఇంకో ఎర్త్ ఏర్పడి, మధ్యలో మీ మైనస్ వైరు మీదుగా కరెంటు పారుతుంది. మైక్రోవోల్టులు కొలిచే చోట అది చాలు పాడుచేయడానికి.

రెండు రకాలకీ పనికొచ్చే పద్ధతి ఒకటి ఉంది, నేను ఎక్కువగా చెప్పేది అదే. ప్లస్ టెర్మినల్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్‌లు, మైనస్ టెర్మినల్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో 100 కిలో ఓమ్‌లు. కరెంటుకి దారి దొరుకుతుంది. ఎర్త్ లూప్‌లో కరెంటు పారనంత పెద్ద రెసిస్టెన్స్ అది. రెండూ సమానం కాబట్టి నాయిస్ రెండు వైపులా సమానంగానే ఉంటుంది. 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వాడండి. సెన్సార్ రెసిస్టెన్స్ ఎక్కువ ఉన్నప్పుడు మాత్రం లెక్క చూసుకోవాలి. 2 కిలో ఓమ్‌ల సోర్స్ మీద ఈ 200 కిలో ఓమ్‌లు పడితే రీడింగ్ 1 శాతం తగ్గుతుంది. థర్మోకపుల్ కొద్ది ఓమ్‌లే కాబట్టి దానికి ఆ బాధ లేదు.

అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. థర్మోకపుల్ తెగిపోతే రెండు రెసిస్టర్లూ రెండు టెర్మినళ్ళనీ సున్నా దగ్గరే ఉంచుతాయి. సాఫ్ట్‌వేర్ గది ఉష్ణోగ్రత చూపిస్తుంది. డ్రయ్యర్ చల్లగా ఉందనుకుని ఎవరైనా మంట పెంచితే ధాన్యం కాలుతుంది, మనుషులకి కూడా ప్రమాదమే. తేలి ఉన్న రకానికి దీనికి విరుగుడు సులువు. మైనస్‌ని గ్రౌండ్‌కి నేరుగా కలిపి, ప్లస్ టెర్మినల్ నుంచి కార్డు 5 వోల్టుల పిన్నుకి 10 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. అప్పుడు ప్లస్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్‌లు ఉండకూడదు. వైరు తెగితే ప్లస్ పైకి లేచి రీడింగ్ రేంజ్ దాటుతుంది, అక్కడ అలారం పెట్టండి. ఆ రెసిస్టర్ గుండా పారేది అర మైక్రోఆంపే. థర్మోకపుల్, కేబులు కలిపి 10 ఓమ్‌లు ఉంటే 5 మైక్రోవోల్టుల తప్పు, డిగ్రీలో ఎనిమిదో వంతు. సన్న కేబులు పొడవుగా లాగి 100 ఓమ్‌లు అయితే డిగ్రీ దాటుతుంది, ఆ మేరకు సాఫ్ట్‌వేర్‌లో తీసేయవచ్చు.

కోల్డ్ జంక్షన్, అంటే కార్డు టెర్మినళ్ళ దగ్గరి చివర, సంగతి మరచిపోకండి. కె టైప్ 100 డిగ్రీల దగ్గర 4.096 మిల్లీవోల్టులు ఇస్తుందని టేబుల్‌లో ఉన్నది, రెండో చివర 0 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు. మీ ప్యానెల్‌లో టెర్మినళ్ళు 35 డిగ్రీలుంటే అందులోంచి 1.407 పోయి 2.689 మిల్లీవోల్టులే వస్తాయి. టెర్మినల్ బ్లాక్ పక్కనే ఎల్ఎం35 లాంటి సెన్సార్ పెట్టి, ఆ ఉష్ణోగ్రతని మిల్లీవోల్టుల్లోకి మార్చి కలిపి, అప్పుడు టేబుల్‌లో చూడాలి. డిగ్రీలకి డిగ్రీలు కలిపేయడం సరైన పద్ధతి కాదు, థర్మోకపుల్ గీత తిన్నగా ఉండదు.

ప్రెషర్ ట్రాన్స్‌మిటర్

ఇది తేలిక. 24 వోల్టుల సప్లై ప్లస్ నుంచి ట్రాన్స్‌మిటర్ ప్లస్‌కి, ట్రాన్స్‌మిటర్ మైనస్ నుంచి 250 ఓమ్‌ల రెసిస్టర్ గుండా సప్లై 0 వోల్టులకి. 4 మిల్లీఆంపులకి 1 వోల్టు, 20కి 5 వోల్టులు. రెసిస్టర్ పై చివర కార్డు ప్లస్, కింది చివర కార్డు మైనస్. సప్లై 0 వోల్టుని కార్డు గ్రౌండ్‌కి ఒకే చోట కలపండి. రెసిస్టర్ ఎప్పుడూ 0 వోల్టుల వైపే ఉండాలి. 24 వోల్టుల వైపు పెడితే రెండు టెర్మినళ్ళూ కార్డు హద్దు దాటిపోతాయి. 0.1 శాతం రెసిస్టర్ వాడండి. 20 మిల్లీఆంపుల దగ్గర దాని మీద పడే పవర్ 0.1 వాటే, పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది.

ఒక చివర ఎలాగూ గ్రౌండే కదా, సింగిల్ ఎండెడ్ పెడితే పోదా అని కొందరు అడుగుతారు. సప్లై 20 మీటర్ల దూరంలో ఇంకో ప్యానెల్‌లో ఉండి, మూడు ట్రాన్స్‌మిటర్లకి 0 వోల్టు వైరు ఒకటే అనుకోండి. అర చదరపు మిల్లీమీటర్ రాగి వైరు అంత పొడవుకి సుమారు 0.7 ఓమ్. మూడూ 20 మిల్లీఆంపుల దగ్గర ఉంటే దాని మీద 40 మిల్లీవోల్టుల పైన పడుతుంది. 4 వోల్టుల స్పాన్‌లో అది 1 శాతం. పక్క ట్రాన్స్‌మిటర్ కదిలినా మీ రీడింగ్ కదులుతుంది. రెసిస్టర్ రెండు కాళ్ళ దగ్గరే డిఫరెన్షియల్‌గా పట్టుకుంటే ఆ గొడవ ఉండదు. 0 వోల్టులు వస్తే వైరు తెగిందని తెలిసిపోవడం ఈ లూప్‌లో నాకు చాలా నచ్చే గుణం.

హాపర్ లోడ్ సెల్

ఇది బ్రిడ్జ్, అంటే సప్లైకి రెండు వైర్లు, సిగ్నల్‌కి రెండు వైర్లు ఉండే రెసిస్టర్ల చట్రం. 2 మిల్లీవోల్ట్/వోల్ట్ సెల్‌కి 10 వోల్టులు ఇస్తే పూర్తి లోడ్ మీద 20 మిల్లీవోల్టులు వస్తాయి. ఆ రెండు సిగ్నల్ వైర్లూ 5 వోల్టుల ఎత్తులో ఉంటాయి. సింగిల్ ఎండెడ్‌తో దీన్ని కొలవడం కుదరని పని. 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఇక్కడ పెట్టవద్దు. ఎక్సైటేషన్ (సెల్‌కి ఇచ్చే 10 వోల్టుల) సప్లై మైనస్‌ని కార్డు గ్రౌండ్‌కి కలిపితే బ్రిడ్జ్ గుండానే దారి ఏర్పడుతుంది. ఆ ఒక్క వైరు మరచిపోతే మాత్రం రీడింగ్ పాకుతుంది. వైరు రంగులు తయారీదారుని బట్టి మారతాయి, సెల్‌తో వచ్చిన కాగితం చూసే కలపండి.

ఛానెల్ జతలు, రేంజ్, సాఫ్ట్‌వేర్

ఏ పిన్నుకి ఏది జత అన్నది కార్డుని బట్టి ఉంటుంది. నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 16 ఛానెళ్ళ యూఎస్‌బీ-6211లో 0కి జత 8. అదే కంపెనీ చిన్న కార్డు యూఎస్‌బీ-6009లో 0కి జత 4. లాబ్‌జాక్ టీ7లో 0కి జత 1. ఒక కార్డు అలవాటుతో ఇంకోదానికి బిగించవద్దు. డిఫరెన్షియల్‌లో ఛానెళ్ళు సగమవుతాయి కాబట్టి కొనేముందే లెక్క వేసుకోండి.

రేంజ్ విషయానికి వస్తే, 16 బిట్ కార్డుని ±10 వోల్టుల్లో పెడితే ఒక్కో మెట్టు 305 మైక్రోవోల్టులు. థర్మోకపుల్‌కి అది 7 డిగ్రీలకు పైనే. ±0.2 వోల్టుల్లో పెడితే 6.1 మైక్రోవోల్టులు, డిగ్రీలో ఆరో వంతు కంటే తక్కువ. థర్మోకపుల్‌కీ లోడ్ సెల్‌కీ చిన్న రేంజ్, ట్రాన్స్‌మిటర్‌కి పెద్ద రేంజ్ పెట్టండి. ఛానెల్ మోడ్ డిఫరెన్షియల్ అని సాఫ్ట్‌వేర్‌లో కూడా చెప్పాలి. వైరింగ్ అలా ఉండి సాఫ్ట్‌వేర్ సింగిల్ ఎండెడ్‌లో ఉంటే మైనస్ వైరుని కార్డు పట్టించుకోదు, రీడింగ్ మాత్రం నిజంలాగే కనిపిస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. సెకనుకి 1000 శాంపిళ్ళు తీసి 20 చొప్పున సగటు వేస్తే మెయిన్స్ హమ్ దాదాపు పోతుంది. సగటు తీసే కాలం 20 మిల్లీసెకన్లకి సరిగ్గా గుణిజం కావాలి. వాడని ఛానెళ్ళ రెండు పిన్నుల్నీ గ్రౌండ్‌కి కలిపేయండి. ఒక ఛానెల్ మారితే పక్కది కూడా మారుతూ ఉంటే సోర్స్ రెసిస్టెన్స్ ఎక్కువగా ఉందని అర్థం, స్కాన్ వేగం తగ్గించండి.

గుణుపురం, పర్లాకిమిడి కాలేజీల్లో ప్రాజెక్టు చేసే పిల్లలకి ఒక మాట. మీరు వోల్టేజ్ కొలవడానికి వాడే ఏడీఎస్1115 బోర్డు తేడాని మైనస్‌లో కూడా చూపిస్తుంది. అంతమాత్రాన పిన్నుకి మైనస్ వోల్టేజ్ ఇవ్వవచ్చని కాదు. ప్రతి పిన్నూ గ్రౌండ్‌కీ సప్లైకీ మధ్యే ఉండాలి.

రీడింగ్ నమ్మే ముందు

సెన్సార్లు తీసేసి ప్లస్, మైనస్, గ్రౌండ్ మూడూ చిన్న వైరుతో కలపండి. సున్నా రావాలి. అప్పుడు కనిపించే ఊపు కార్డు సొంత నాయిస్, దాన్ని రాసి పెట్టుకోండి. తర్వాత గ్రౌండ్‌ని విడదీసి, ప్లస్, మైనస్ రెండూ కలిపి 1.5 వోల్టుల సెల్ ప్లస్‌కి పెట్టి, సెల్ మైనస్‌ని గ్రౌండ్‌కి ఇవ్వండి. రీడింగ్ అప్పుడు కూడా సున్నా దగ్గరే ఉండాలి. 1.5 చూపిస్తే సాఫ్ట్‌వేర్ ఇంకా సింగిల్ ఎండెడ్‌లోనే ఉంది. ±10 రేంజ్‌లో పెట్టి, సెల్‌ని ప్లస్, మైనస్ మధ్య పెట్టి, మైనస్‌ని గ్రౌండ్‌కి కలిపి చూస్తే 1.5 రావాలి, తిప్పి పెడితే గుర్తు మారాలి.

ఇవి సరిగ్గా వచ్చాక సెన్సార్లు బిగించి, మిల్లు మొత్తం నడుస్తుండగా ఒక్కో మోటారునీ ఆపి వేసి చూడండి. ఏ మోటారుకి రీడింగ్ కదిలిందో దాని కేబులు దారి, ఎర్త్ చూడండి. చివరగా ఒక థర్మోకపుల్ వైరు విప్పి అలారం వస్తోందో లేదో చూడండి.

ప్యానెల్ లోపల ప్రతి వైరుకీ అంకెల ఫెర్రూల్ (వైరు చివర తొడిగే గుర్తు గొట్టం) వేయండి. రేపు ఆ ప్యానెల్ తెరిచేది తెలుగు చదివేవాడో ఒడియా చదివేవాడో మనకి తెలియదు, అంకెలు ఇద్దరికీ తెలుస్తాయి. ఏ సెన్సార్ ఎర్త్ అయింది, ఏది తేలి ఉంది, ఏ షీల్డ్ ఏ వైపు కత్తిరించారు, ఎక్కడ ఏ రెసిస్టర్ ఉంది, ఎర్త్‌ల మధ్య కొలిచిన వోల్టులెన్ని అన్నవి తేదీతో రాసిన కాగితాన్ని తలుపు లోపలి వైపు అంటించండి. ఆ వోల్టులు వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మళ్ళీ కొలిచి అదే కాగితం మీద కింద రాయండి.